సముద్రంలో ముంచిన గిన్నె

పూనా నుంచి మా అమ్మాయి మాధవి ఫోన్ చేసేసరికి నేను పెరట్లో కూర్చుని గోంగూర ఒలుస్తున్నాను. దానికి ఉపోద్ఘాతాలు అలవాటు లేవు. "అమ్మా, రూత్ వాళ్ళ పాప నిన్నటి నుంచి అరటిపళ్ళ మీదే ఉందిట. నువ్వేమైనా చెయ్యగలవా?" అంది. రూత్ మాధవి ఆఫీసులో పనిచేసే అమ్మాయి. బొంబాయి పక్క తరతరాలుగా స్థిరపడిన యూదుల కుటుంబం వాళ్ళది. పెడన కలంకారీ చూడాలనీ, మంగినపూడి సముద్రంలో పిల్లని ఆడించాలనీ, భర్త డేనియల్‌తోనూ రెండేళ్ళయినా నిండని కూతురు లేయాతోనూ సెలవు పెట్టుకుని బందరు వచ్చింది. వస్తున్నారని తెలిసినప్పుడే భోజనానికి పిలుద్దామనుకున్నాను. "వద్దమ్మా, వాళ్ళు బయట తినరు, వాళ్ళ పద్ధతులు వాళ్ళకున్నాయి" అని మాధవే ఆపింది. తీరా చూస్తే, వండుకోవడానికి తెచ్చుకున్న చిన్న కరెంటు కుక్కరు హోటల్ గదిలో ప్లగ్గు పెట్టగానే ఠప్పుమందట. కట్టుకొచ్చిన రొట్టెలు రైల్లోనే అయిపోయాయట. పెద్దవాళ్ళిద్దరూ పళ్ళతో సరిపెట్టుకుంటున్నారు గానీ, పిల్ల ఇప్పుడు అరటిపండు చూస్తేనే మొహం తిప్పేసుకుంటోందట. "సెలవూ వద్దు, ఏమీ వద్దు, రేపు రైలెక్కేస్తానంటోందమ్మా. ఫోన్లో ఏడ్చేసింది పాపం."

లోపలికి వచ్చి మావారికి చెప్పాను. ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఏ విషయమైనా వాయిదా వేసి ఆలోచించడం అలవాటు. "బందర్లో శుభ్రమైన ఇడ్లీ దొరకదా ఏమిటి?" అన్నారు పేపరు దించకుండా. "శుభ్రం సంగతి కాదండీ, మడి సంగతి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలియదు. మా ఇంట్లో ఆ మాట వినపడి ఎన్నేళ్ళయిందో కూడా చెప్పలేను.

మాధవి చేత వాళ్ళని మా ఇంటికి రమ్మనిపించాను, గంటలో ఆటో వచ్చి ఆగింది. రూత్ పొడుగ్గా, సన్నగా ఉంది. నిద్రలేని కళ్ళు. డేనియల్ భుజం మీద లేయా తల వాల్చుకుని, వేలు నోట్లో పెట్టుకుని ఉంది. వంకీల జుట్టు, వాడిన మొహం. ఆకలేసిన పిల్లలు మొదట ఏడుస్తారు, ఆ తర్వాత ఊరుకుంటారు. ఈ పిల్ల ఊరుకునే దశకు వచ్చేసింది. నా హిందీ అంతంతమాత్రం, రూత్‌కి తెలుగు రాదు. మధ్యలో ఇంగ్లీషు వేసుకుని ఇద్దరం ఎలాగో నెట్టుకొచ్చాం. ఇక్కడ మాత్రం అన్నీ తెలుగులోనే రాస్తాను.

"మీరు శాకాహారులని తెలుసు ఆంటీ. మిమ్మల్ని తక్కువ చేసి కాదు" అంటూ మొదలుపెట్టింది. ఆ మాట అనడానికి ఎంత నలిగిపోయిందో మొహంలో కనిపిస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ మేము వాడుకున్న గిన్నెల్లో వండితే వాళ్ళకు పనికిరాదు. కొత్త గిన్నె, కొత్త గరిటె కావాలి. బియ్యం, పప్పు తనే ఏరుకోవాలి, పొరపాటున కూడా పురుగు ఉండకూడదు. పొయ్యి మాత్రం తన చేత్తో వెలిగించాలి. పిల్లకి ఈ వయసులో ఏ నియమమూ లేదట, కానీ ఇంట్లో ఏది పెడుతున్నారో అదే పెట్టాలని తన పట్టుదల. "ఇప్పుడు ఆకలికని నియమం వదిలేస్తే, రేపు ఎందుకు పాటించాలని అది అడిగితే నా దగ్గర జవాబుండదు ఆంటీ" అంది. నేను తల ఊపుతూ వింటున్నాను. ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే, ముందే విన్న మాటల్లాగే ఉన్నాయి అన్నీ.

కోనేరు సెంటర్లో స్టీలు సామాన్ల కొట్టుకి నేనూ రూతూ వెళ్ళాం. కొట్టతను మూతతో సహా మంచి గిన్నె తీసిచ్చి, అలవాటు కొద్దీ "పేరు కొట్టమంటారా అండీ?" అన్నాడు. "ఇప్పుడు పేర్లు కూడానా నాయనా, పిల్ల ఆకలితో ఉంటే" అని గబగబా వచ్చేశాను. ఇంటికి వచ్చి ఆ గిన్నె కుళాయి కింద పెట్టబోతుంటే రూత్ నా చెయ్యి పట్టుకుంది. "ఇంకో పని ఉంది ఆంటీ. కొత్త గిన్నెని సముద్రంలోనో, నదిలోనో ఒకసారి పూర్తిగా ముంచాలి. అప్పుడే అది మాది అవుతుంది" అంది, మరింత నొచ్చుకుంటూ. మావారు పేపరు మీంచి తల ఎత్తారు. "గిన్నెక్కూడా తలంటా?" అన్నారు తెలుగులో. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. నవ్వుతూనే కుర్చీలో కూలబడ్డాను. నాకు మా బామ్మ గుర్తొచ్చింది.

ఈడేపల్లిలో మా నాన్నగారి ఇంట్లో పొద్దున్నే వినిపించే మొదటి మాట "దూరం, దూరం!" బామ్మ తెల్లవారకముందే నూతి దగ్గర స్నానం చేసి, తడిచీరతోనే లోపలికి వచ్చేది. నడవలో ఎత్తున కట్టిన దండెం మీద ముందురోజు ఆరేసిన మడిచీరని కర్రతో దింపుకునేది. ఆ దండెం కిందుగా ఎగరడం కూడా నాకు నిషిద్ధం. చీర అంచు తగిలితే మళ్ళీ తడపాలి, మళ్ళీ ఆరెయ్యాలి, ఆ రోజు వంట ఆలస్యం, తాతయ్య ఆఫీసుకి ఆలస్యం. అందరి ఆలస్యానికీ నేనే కారణం. వంటింట్లో బొగ్గుల వేడి, ఇంగువ పోపు, తడిబట్ట వాసన కలిసి గుమ్మం దాకా వచ్చేవి. నేను గుమ్మం ఇవతల కూర్చుని ఆమె వీపు చూస్తూ ఉండేదాన్ని. చేటలో బియ్యం ఏరేటప్పుడు ఆమె వేళ్ళు చకచకా కదిలేవి. మెరిగెలు, రాళ్ళు, తెల్లపురుగులు ఆ వేళ్ళకి తెలిసిపోయేవి. "బామ్మా, నేనూ ఏరతానే" అంటే, "ముట్టుకోకు!" అనేది తిరిగి చూడకుండా. నా తమ్ముడు శేషుకి మాత్రం ఆ గుమ్మం అడ్డం కాదు. చంటివాడు కదా, వాడి లాగూ విప్పేస్తే మైల పోతుంది. మైలంతా బట్టలదే, ఒంటిది కాదు. వాడు దిగంబరంగా దోగాడుతూ పోయి బామ్మ ఒళ్ళో ఎక్కేవాడు, పప్పుగిన్నెలో చెయ్యి పెట్టేవాడు. ఆరేళ్ళ ఆడపిల్లని, గౌను వేసుకున్నదాన్ని, నేను గుమ్మం ఇవతల కూర్చుని కుళ్ళుకునేదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక బామ్మ మడి విడిచి, మామూలు చీర కట్టుకుని నడుం వాల్చాక మాత్రం ఆమె మొత్తం నాదే. తల దువ్వేది, కథలు చెప్పేది, నిద్రపోతూ కూడా నా వీపు మీద చెయ్యి వేసేది. కానీ పిల్లలకి పొద్దున్నే కదా ఒళ్ళు కావాల్సింది. పొద్దున్న పూట బామ్మకి నేనంటే ఇష్టం ఉండదని చాలాకాలం నిజంగానే నమ్మాను.

మంగినపూడికి అందరం ఆటోలో వెళ్ళాం. దారంతా రూత్ ఆ గిన్నె మీద అంటించిన కంపెనీ స్టిక్కరు గోటితో గీకుతూనే ఉంది. సగం ఊడింది, జిగురు ఊడలేదు. "కొంచెం ఉంటే ఏమవుతుందమ్మా?" అన్నాను. "నీళ్ళు గిన్నెకి పూర్తిగా తగలాలి ఆంటీ, మధ్యలో ఏదీ అడ్డుండకూడదు" అంది. బీచి దగ్గర కొబ్బరినూనె పొట్లం కొని, ఆ జిగురు నేనే రుద్ది వదిలించాను. మంగినపూడి సముద్రం తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఎంత దూరం నడిచినా మోకాళ్ళు దాటదు. చీర ఎత్తి పట్టుకుని నేనూ దిగాను. రూత్ వంగి, పెదవుల కింద ఏదో చదువుకుంటూ గిన్నెని నీళ్ళల్లోకి దించింది. పూర్తిగా మునిగాక ఒక్క క్షణం చేతులు వదిలేసింది. "అయ్యో, పోతుందమ్మా!" అని నేను అరిచేలోగా మళ్ళీ పట్టుకుని పైకి తీసింది. "నా చెయ్యి కూడా అడ్డం కాకూడదు" అంది నవ్వి. వచ్చినప్పటి నుంచీ రూత్ నవ్వడం అదే మొదలు. నేను మాత్రం నవ్వలేకపోయాను. అలాగే ఒకరు ఒక్క క్షణం వదిలి పట్టుకోవడం నాకు తెలుసు. అప్పుడు ఆ నీళ్ళల్లో ఉన్నది నేను.

నాకు ఆరేళ్ళున్న ఆ ఏడు మా అమ్మ పచ్చకామెర్లతో మంచం పట్టింది. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట మునిగి వస్తానని బామ్మ మొక్కుకుంది. అమ్మని కాస్త పడుకోనిద్దామని నన్నూ శేషునీ కూడా వెంటబెట్టుకుంది. తాతయ్య తోడు వచ్చారు. సామానంతా చూస్తే ఊరు విడిచిపోతున్నామనుకుంటారు. కుంపటి, బొగ్గుల సంచి, ఇత్తడి గిన్నె, బియ్యం, పెసరపప్పు, నేతి గిన్నె, మరచెంబులో కాచిన పాలు. అవనిగడ్డ బస్సుల దగ్గర వేడి వేడి ఇడ్లీలు అమ్ముతుంటే శేషు చేతులు చాపి ఏడ్చాడు. బామ్మ వాడి మొహం తన భుజానికి తిప్పుకుంది. తొక్క ఒలిచి తినేది గనుక అరటిపండుకి మైల లేదు, అదొక్కటీ పెట్టింది. రెండు ముక్కలు తిని ఉమ్మేశాడు. మధ్యాహ్నానికి మరచెంబులో పాలు విరిగిపోయాయి. కోడూరు నుంచి బండి కట్టించుకుని సంగమం చేరేసరికి వాడు ఏడవడం మానేశాడు. తాతయ్య ఇక ఉండబట్టలేక, "పసివాడికి ఏది పెట్టినా దోషం లేదే, ఎక్కడైనా ఇంత మజ్జిగ అడిగి పట్టుకొస్తాను" అన్నారు. "వాళ్ళమ్మ కోసం మొక్కుకుని వచ్చి, ఆవిడ బిడ్డ దగ్గరే నియమం తప్పమంటారా?" అంది బామ్మ. అప్పుడు నాకు తెలియలేదు గానీ, బామ్మ కూడా భయపడుతోంది. కోడలు అక్కడ, మనవడు ఇక్కడ.

బామ్మ మునిగి వచ్చి, తడిచీరతోనే ఇసకలో కుంపటి పెట్టి పులగం వండింది. చుట్టూ వేలితో గీత గీసుకుంది. శేషుని బట్టలు విప్పించి గీత లోపలికి తీసుకుంది. తాతయ్య గొడుగు పట్టుకుని, నేను గౌను వేసుకుని బయట. బామ్మ పులగంలో నెయ్యి వేసి, మెత్తగా పిసికి, చల్లార్చి నోటికి అందిస్తే వాడు పెదవులు బిగించాడు. బుజ్జగించింది, గదమాయించింది, పాట పాడింది. ఇంట్లో వాడికి అన్నం పెట్టేది అమ్మ, అమ్మ లేకపోతే నేను. వాడు గీత అవతల ఉన్న నన్ను చూసి చేతులు చాపాడు. బామ్మ వాడి వంక చూసింది, నా గౌను వంక చూసింది. "జడ విప్పవే కామూ" అంది.

రిబ్బను తాతయ్య విప్పారు. బామ్మ గిన్నె మీద మూత పెట్టి, శేషుని తాతయ్యకు అప్పగించి, లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నన్ను ముట్టుకుంటే తన మడి పోతుంది, తను మళ్ళీ మునగాలి. తెలిసే పట్టుకుంది. భోజనాలు కాకముందు బామ్మ నన్ను ముట్టుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. ఇద్దరం నీళ్ళల్లోకి నడిచాం. "గట్టిగా ఊపిరి పట్టుకో. నేనున్నాను" అంది. తల మునిగింది. ఒక్క క్షణం ఆమె చెయ్యి వదిలేసింది, నా చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. అంతలోనే పట్టుకుని పైకి లాగి, తనూ ఇంకోసారి మునిగి లేచింది. ఉప్పునీళ్ళు మింగి దగ్గుతున్న నన్ను చూసి, "ఇక నువ్వూ మడే, రా" అంది. తడిగౌనుతో, నీళ్ళోడుతూ, ఆ గీత దాటి లోపలికి వెళ్ళాను. శేషు నా చేతి ముద్దలు ఒక్కొక్కటే తిన్నాడు. గాలికి వణుకుతుంటే బామ్మ నన్ను వెనకనుంచి తన తడిచీరలోకి పొదువుకుని కూర్చుంది. ఆ పొగ వాసన, ఇంగువ వాసన గుమ్మం ఇవతల కాకుండా నా ఒంటి మీదే ఉన్నాయి. అమ్మకు తర్వాత నయమైంది. ఇంటికి వచ్చాక మళ్ళీ దండెం, మళ్ళీ "దూరం, దూరం" మామూలే. శేషు బ్యాంకులో పనిచేసి, రిటైరై ఇప్పుడు గుడివాడలో ఉంటున్నాడు. మొన్న ఫోన్ చేసి ఇదంతా చెబితే, "నాకేం గుర్తులేదే అక్కా. అన్నంలో ఇసక పంటికింద పడ్డట్టు మాత్రం ఎందుకో గుర్తు" అన్నాడు.

మంగినపూడి నుంచి ఇంటికి వచ్చాక రూత్ మా వంటింట్లో కింద కూర్చుని, తెల్లకాగితం మీద బియ్యం పోసుకుని ఏరడం మొదలెట్టింది. ఇప్పుడు బియ్యం సంచుల్లో శుభ్రంగా వస్తున్నాయి, మా ఇంట్లో చేట ఎక్కడుందో కూడా నాకు తెలియదు. ఆమె ఒక్కొక్క గింజనూ వేలితో పక్కకు జరుపుతుంటే నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయాను. "మీరూ ఏరొచ్చు ఆంటీ" అంది. ఎవరైనా అలా అంటారని ఆరేళ్ళప్పటి నుంచి ఎదురుచూస్తున్నట్టుగా ముందుకు జరిగాను. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి అలవాటు చొప్పున నా చెయ్యి లైటరు మీదకు పోయింది. ఎసరు పెట్టడమంటే నాకు పొయ్యి వెలిగించడమే. రూత్ "ఆంటీ!" అంది. చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాను. తనే వెలిగించి, గిన్నె ఎక్కించి, పక్కకు తప్పుకుంది. "నిప్పు ముట్టించడం వరకే నా పని. ఇక మీరు కలపండి" అంది. వాళ్ళ పట్టింపు గిన్నెల మీద, నిప్పు మీద. మా బామ్మ పట్టింపు మనుషుల మీద. అంట్లు తోమే మనిషి పెరటి గుమ్మం దాటకుండానే ముసలిదైపోయింది మా ఇంట్లో. అందుకే మడి వదిలేసినందుకు నాకు ఏనాడూ చింత లేదు.

పెసరపప్పు, బియ్యం మెత్తగా ఉడికాయి. నెయ్యి వద్దంది రూత్, మా నేతిగిన్నె పాతది కదా. నెయ్యి లేని పులగం చంటిపిల్లకి పెట్టడానికి నా ప్రాణం ఒప్పలేదు. తన దగ్గరున్న చిన్న సీసాలోంచి నువ్వులనూనె రెండు చుక్కలు వేసింది, సరేననుకున్నాను. సముద్రంలో తడిసిన బట్టలు విప్పేస్తే, లేయా మా వంటింటి గచ్చు మీద బోసిమొలతో కూర్చుని ఉంది. రూత్ ముద్ద కలిపి పెట్టబోతే తల పక్కకు తిప్పింది. డేనియల్ పెట్టబోతే చేత్తో తోసేసింది. రూత్ కళ్ళు నిండిపోయాయి. "కోపమొచ్చింది దానికి, నా మీద" అంది. నాకు అడగాలని ఉంది, అడగడానికి భయంగానూ ఉంది. ఈ వయసులో కూడా "ముట్టుకోకు" అంటారేమోనని.

"నేను పెట్టొచ్చా అమ్మా?" అన్నాను చివరికి.

"అదేమిటి ఆంటీ, చెయ్యి కడుక్కుంటే చాలు" అంది.

చెయ్యి కడుక్కున్నాను. తుడుచుకోవాలని తోచలేదు. నీళ్ళోడుతున్న చేత్తోనే వచ్చి దాని ముందు చతికిలబడి, పులగం ఇంకాస్త పిసికి, చిన్న ముద్ద చేసి దాని పెదవుల దగ్గర పెట్టి ఊరుకున్నాను. లేయా నా మొహంలోకి చూసింది. నా వేలు మీద నీటిచుక్కని చూసింది. ముందు దాన్ని నాకింది. తర్వాత నోరు తెరిచింది. ఒకటి మింగి, ఇంకోటి ఎక్కడా అని నా చెయ్యి తనే లాక్కుంది. నాకు ఏడుపొచ్చేసింది. గిన్నె అడుగు కనిపించేదాకా తిని, ఆ పిల్ల నా మోకాలి మీదే తలపెట్టి నిద్రపోయింది. రూత్ గుమ్మం దగ్గర నిలబడి డేనియల్‌తో తమ భాషలో ఏదో అంది. ఆ రైలు ఎక్కలేదు వాళ్ళు. ఉన్నన్నాళ్ళూ రెండు పూటలా మా ఇంటికే వచ్చి అదే గిన్నెలో వండుకున్నారు. పెడన చూశారు, ఘంటసాల స్తూపం చూశారు, ప్రతి సాయంత్రం మంగినపూడి వెళ్ళారు.

వెళ్ళేటప్పుడు రూత్ గిన్నె కడిగి నా చేతిలో పెట్టింది. "మళ్ళీ వస్తే దీంట్లోనే వండుకుంటాం. మీకు ఇబ్బంది లేకపోతే అందాకా ఇందులో ఇంకేమీ వండకండి" అంది మొహమాటంగా. వాళ్ళని రైలెక్కించి వస్తూ కోనేరు సెంటర్లో దిగి, దాని మీద లేయా అని పేరు కొట్టించాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికెప్పుడు ఆకలేస్తే అప్పుడు తింటాం. పొయ్యి ఎవరైనా వెలిగిస్తారు. మాధవి అయితే పూనాలో ఫోన్లో వేలు నొక్కితే గుమ్మంలోకి డబ్బా వస్తుంది. ఎవరు వండారో, ఎందులో వండారో దానికి అక్కర్లేదు. హాయిగా ఉంటుంది, కాదనను. నాకోసం ఒకరు తన మడి పోగొట్టుకుని సముద్రంలోకి రెండోసారి దిగడం మాత్రం, మడి అంటే లెక్కలేని ఇంట్లో జరిగేది కాదు. ఈ రెండు మాటలూ నాలో రాజీపడవు. పడనక్కర్లేదనుకుని ఊరుకుంటాను.

నిన్న సాయంత్రం నేను పెరట్లో ఉంటే వంటింట్లో గిన్నెల చప్పుడైంది. వచ్చి చూద్దును కదా, మావారు స్టూలెక్కి పై అరలోంచి లేయా గిన్నె అందుకోబోతున్నారు. పాలు కాచుకోవడానికి ఇంకేదీ దొరకలేదట.

"ముట్టుకోకండి!" అని అరిచాను.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేనూ గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ గొంతు నాది కాదు. ఆ మాట గుమ్మం ఇవతల కూర్చుని వినడమే తప్ప, అనడం ఎలా ఉంటుందో నాకు ఎప్పుడూ తెలియదు. అనేటప్పుడు నా మనసులో మావారి మీద విసుగు లేదు, ఆ మనిషే లేడు. నోరు తెరిచిన ఒక పసిపిల్ల ఉంది. "అంత కోపమెందుకే?" అన్నారాయన దిగుతూ. "కోపం కాదండీ" అన్నాను. ఆయన్ని పక్కకు జరిపి, స్టూలెక్కి, గిన్నెని కొంగుతో తుడిచి మళ్ళీ బోర్లించాను.